సంప్రదాయాన్ని ఎదిరించే స్త్రీల మీద కొత్త నాటకం: మొదటి వాక్యం నుంచి మొదటి ప్రదర్శన దాకా

"కథ ఉంది, నటులున్నారు. కానీ రాస్తుంటే ఉపన్యాసంలా వస్తోంది, ఏం చేయాలి?" ఈ అంశం మీద నాటకం మొదలుపెట్టిన వాళ్లందరూ అడిగేది ఇదే. ఆ వెంటనే వచ్చేది రెండో ప్రశ్న: "అందరం కలిసి తయారుచేస్తే రచయిత ఎవరవుతారు?" రెండింటికీ జవాబు కింది దశల్లో ఉంది. మొదటే ఒక మాట గుర్తుపెట్టుకోండి. నాయికను ఆపేవాళ్లు ఎంత ప్రేమగా, ఎంత సబబుగా ఆపితే ఇలాంటి నాటకానికి అంత బలం. ఆమె గొంతు పెంచడం వల్ల వచ్చే బలం తక్కువ.

కావలసినవి

- మనుషులు: రచయిత ఒకరు, దర్శకత్వం చేసేవారు ఒకరు, నటులు 5 లేక 6 మంది. నటుల్లో సగానికి పైగా ఆడవాళ్లు ఉండాలి, వయసులు కలగలిసి ఉండాలి. అందరూ ఇరవైల్లో ఉంటే తల్లి, అత్త పాత్రలు కార్టూన్లయిపోతాయి.
- నోట్సు రాసే మనిషి ఒకరు. నటించకూడదు, సలహాలివ్వకూడదు, జరిగింది రాయడమే పని. చాలా బృందాలు ఈ మనిషి అక్కర్లేదనుకుంటాయి, తర్వాత బాధపడతాయి.
- తలుపు వేసుకునే గది, ఫోన్‌లో రికార్డరు, స్టాప్‌వాచ్, అరచేతి సైజు అట్టముక్కలు 40, మూడు రంగుల పెన్నులు.
- కాలం: 75 నిమిషాల నాటకానికి నాలుగు నెలలు. మాట్లాడటానికి 2 వారాలు, వర్క్‌షాపుకు 2, మొదటి రాతకు 4, చదివింపులకూ తిరగరాతకూ 4, రిహార్సల్స్‌కు 5. పనివేళల తర్వాత మాత్రమే కలిసే బృందమైతే ఆరు నెలలు వేసుకోండి.
- ఒక పేజీ ఒప్పందం. దీన్ని వర్క్‌షాపు మొదటి రోజుకు ముందే రాసుకోవాలి. నాటకం మీద హక్కు ఎవరిది, కరపత్రంలో ఎవరి పేరు ఎలా పడుతుంది, వేరే బృందం వేస్తే వచ్చే డబ్బు ఎలా పంచాలి, ఈ మూడూ, దశ 9లో వచ్చే ముగింపు వాక్యమూ ఉంటే చాలు. నాటకం బాగా ఆడిన తర్వాత ఈ మాటలు మాట్లాడుకోవడం మహా కష్టం.

దశ 1. ఆంక్షను ఒక్క వాక్యంలోకి తెండి

"సమాజం స్త్రీని అణచివేస్తోంది" అన్నది నాటకానికి పనికిరాదు. సమాజానికి ఎంట్రీ లేదు, డైలాగు లేదు. వాక్యం ఇలా ఉండాలి: *ఎవరు, ఎవరి నుంచి, ఏ పని, ఎప్పటిలోగా కోరుతున్నారు?*

ఈ వ్యాసం పొడుగునా ఒకే ఉదాహరణ వాడుకుందాం: "పక్షవాతం వచ్చిన తల్లిని చూసుకోవడానికి చెల్లెలు ఉద్యోగం మానేయాలని అన్న కోరుతున్నాడు. వేరే ఊళ్లో కొత్త ఉద్యోగంలో ఆమె సోమవారం చేరాలి." ఇందులో దుర్మార్గుడు లేడు, తల్లిని ఎవరో ఒకరు చూడాల్సిందే, గడువు ఉంది. నాటకానికి ఇంతకన్నా మంచి నేల దొరకదు.

సరిచూసుకోండి: ఆ వాక్యాన్ని బృందం బయటి మనిషికి చెప్పండి. "పాపం, అన్న మాత్రం ఏం చేస్తాడు?" అన్నారంటే సరైన దారిలో ఉన్నట్టు. "ఛీ, ఎంత దుర్మార్గం" అని ఊరుకున్నారంటే అవతలి పక్షం ఇంకా బలహీనంగా ఉన్నట్టు.

దశ 2. మనుషులతో మాట్లాడండి

ఇలాంటి ఒత్తిడి ఎదుర్కొన్న 8 నుంచి 10 మందితో, ఒక్కొక్కరితో గంటకు మించకుండా మాట్లాడండి. వాళ్లలో ఎదిరించినవాళ్లు, సర్దుకుపోయినవాళ్లు, ఒత్తిడి పెట్టినవాళ్లు ముగ్గురూ ఉండాలి. మూడోవాళ్లను వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. అన్న పాత్ర డొల్లగా తయారయ్యేది అందుకే.

అడగకూడనిది: "మీరెందుకు ఎదిరించలేదు?" అది నేరం మోపినట్టు ఉంటుంది, జవాబు కూడా సంజాయిషీలా వస్తుంది. అడగాల్సినవి ఇవి: ఆ మాట మొదట ఎవరి నోట వచ్చింది? అప్పుడు ఎవరెక్కడ కూర్చున్నారు? మీ చేతిలో ఏముంది? ముందు లేచి వెళ్లింది ఎవరు? ఆ రాత్రి ఇంట్లో దేని గురించి మాట్లాడుకున్నారు? ఇలాంటి వాటికి వచ్చే జవాబుల్లోనే సీన్లుంటాయి.

అనుమతి మూడుసార్లు తీసుకోండి: మాట్లాడే ముందు, రాసిన ప్రతిని వాళ్లతో చదివించిన తర్వాత, ప్రదర్శనకు ముందు. ఈ మూడింటిలో ఎప్పుడు వద్దన్నా తీసేస్తామని మొదటే చెప్పండి. కుటుంబసభ్యులు పక్క గదిలో ఉండగా రికార్డు చేయకండి. ఒకరి జీవితాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టకండి. పేరు మార్చితే చాలదు. వృత్తి, ఇంట్లో ఎంతమంది, జరిగిన వరస, ఈ మూడూ మారితేనే ఆ ఇంటివాళ్లు గుర్తుపట్టరు.

దశ 3. పాత్రలకు మూడు గడులు

ప్రతి పాత్రకూ కాగితం మీద మూడు గడులు గీయండి: ఏం కావాలి, దేనికి భయం, ఓడితే ఏం పోతుంది. మూడో గడి ఖాళీగా ఉన్న పాత్రను తీసేయండి, లేదా వేరే పాత్రలో కలిపేయండి.

ఇక్కడ తప్పక చూసుకోవాల్సినవి మూడు.

ఒకటి, ఆంక్షను మోసే పెద్దావిడ. తల్లి, అత్త, పెద్దమ్మ, ఎవరైనా సరే, ఆమె ఒకప్పుడు తానూ ఏదో వదులుకుంది. అది ఏమిటో మీకు తెలియాలి. నాటకంలో చెప్పాలని లేదు, నటికి తెలిస్తే చాలు.

రెండు, స్త్రీలందరూ ఒకేలా ఎదిరించరు. ఒకరు ఎదురు నిలుస్తారు, ఒకరు బేరం ఆడతారు, ఒకరు సరేనని తల ఊపి తనకు కావలసింది చాటుగా చేసుకుంటారు. మూడు దారులూ వేదిక మీద ఉంటే వాదన వాళ్ల మధ్యే పుడుతుంది, మగ పాత్రలతో గొడవ కన్నా అది రసవత్తరంగా ఉంటుంది.

మూడు, నాయిక కనీసం ఒక్క విషయంలో తప్పుగా ఉండాలి. మన ఉదాహరణలో, ఉద్యోగం సంగతి ఆమె రెండు నెలలు దాచింది అనుకోండి. అన్న కోపానికి ఒక న్యాయం దొరికింది, ఆమె మనిషయింది.

దశ 4. వర్క్‌షాపు

రోజుకు మూడు గంటలు, పది రోజులు చాలు. కింది అభ్యాసాలు దాదాపు ఎప్పుడూ పని చేస్తాయి.

*కారణాలు లేని సీను (15 నిమిషాలు).* ఇద్దరు నటులు. ఒకరు గది నుంచి వెళ్లాలి, ఒకరు ఆపాలి. "ఎందుకంటే", "హక్కు", "బాధ్యత" అనే మాటలు నిషేధం. వాదించే దారి మూసేస్తే నటులు పనుల్లోకి వెళ్తారు: తలుపు దగ్గర చెప్పులు సర్దడం, భోజనం వడ్డించడం, తాళం వెతకడం.

*పాత్రల మార్పిడి (20 నిమిషాలు).* అదే సీనును అన్న వేసిన నటుడు చెల్లెలిగా, చెల్లెలు వేసిన నటి అన్నగా వేయాలి. అన్న పక్షాన అందరికన్నా గట్టి మాటలు సాధారణంగా ఈ రెండో నటి నోటనే వస్తాయి. నోట్సు రాసే మనిషి ఇక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండాలి.

*ఇరవై ఏళ్ల ముందు (20 నిమిషాలు).* పెద్దావిడ తన పడుచు వయసులో ఇదే మాట విన్న రోజు. నాటకంలో వాడకపోయినా సరే, చేయించండి.

హెచ్చరిక: నటులను వాళ్ల సొంత జీవితంలో జరిగింది నటించమని అడగకండి. ఎవరికి వారు ముందుకొచ్చినా వద్దనండి, ఆ సంఘటనను మరో పాత్రకు మార్చి ఇవ్వండి. ఆపడానికి ఒక గుర్తు పెట్టుకోండి, చెయ్యెత్తితే చాలు, ఎవరెత్తినా సీను ఆగాలి, కారణం అడగకూడదు. చివరి పది నిమిషాలు పాత్రలోంచి బయటపడటానికి వదిలేయండి: పాత్ర వస్తువులు పక్కన పెట్టి, సొంత పేర్లతో పిలుచుకుని, నీళ్లు తాగి వెళ్లాలి.

వేరే దారి కూడా ఉంది. బ్రిటన్‌లో 1974లో మొదలైన జాయింట్ స్టాక్ బృందం పనిని మూడు ముక్కలు చేసేది: ముందు అందరూ కలిసి వర్క్‌షాపు, తర్వాత రచయిత ఒంటరిగా రాసుకునే విరామం, ఆ తర్వాత రిహార్సల్స్. "అందరం కలిసి రాద్దాం" అనుకున్న బృందాలకు ఈ పద్ధతే నయం. నాటకానికి సరుకు పదిమంది వెతికి తెస్తారు, ఒకరు రాస్తారు. పదిమంది రాసిన సంభాషణలో ఎవరి గొంతూ వినిపించదు.

దశ 5. అట్టముక్కల మీద సీన్లు

75 నిమిషాలకు 12 నుంచి 15 సీన్లు. ఒక్కో ముక్క మీద మూడు సంగతులే: ఎవరు ఏం కావాలని లోపలికి వస్తారు, సీను చివరకు ఏం మారింది, చేతిలో ఏ వస్తువుంది. నేల మీద వరసగా పరిచి, ఒక్కో ముక్కనే తీసి చూడండి. తీసినా తర్వాతి సీను నిలబడిందంటే ఆ ముక్క అక్కర్లేదు. నాయిక ఏదో కావాలని అడుగుపెట్టే సీన్లు సగమైనా లేకపోతే, ఆమె తనకు జరిగేవి చూస్తూ కూర్చుందన్నమాట. ఈ రకం నాటకాల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇది.

దశ 6. మొదటి రాత, డైలాగు

వేగంగా రాయండి, వెనక్కి తిరిగి దిద్దకండి. ఉపన్యాసం దూరేది ఇక్కడే కాబట్టి ఒక ముక్క దగ్గరగా చూద్దాం. మొదటి రాతలో ఇలా వస్తుంది:

> చెల్లెలు: తరతరాలుగా ఆడదాన్ని సేవకే పుట్టించారని నమ్మించారు! నాకూ కలలున్నాయి, నాకూ ఒక జీవితం ఉంది. ఇకమీదట నేను తల వంచను!
> అన్న: ఆడపిల్లవి, నీకింత పొగరా?

ప్రతి మాటా నిజమే, కానీ వేదిక మీద ఏమీ జరగడం లేదు. ఆమె ప్రేక్షకులతో మాట్లాడుతోంది, అన్న ఆమెకు చప్పట్లు తెచ్చిపెట్టడానికి నిలబడ్డాడు. తిరగరాస్తే:

> అన్న: ఏంటే, ఇంత బరువుంది బ్యాగు?
> చెల్లెలు: అమ్మ మాత్రలు ఎప్పుడెప్పుడు వెయ్యాలో రాసి ఫ్రిజ్ మీద అంటించాను.
> అన్న: నేనడిగింది అది కాదు.
> చెల్లెలు: రాత్రి పదింటిది మర్చిపోకన్నయ్యా. అది పడకపోతే తెల్లార్లూ పడుకోదు.
> అన్న: నాకు పొద్దున్నే డ్యూటీ. నీకు తెలుసుగా.
> చెల్లెలు: తెలుసు. పదింటికి. తెల్లది సగం విరిచి వెయ్యాలి.

"వెళ్తున్నాను" అని ఆమె ఎక్కడా అనలేదు. పని చేతులు మారింది, అంతే. "సగం విరిచి" అన్న మాటతో ఇన్నాళ్లూ ఆ పని ఎవరు చేశారో అర్థమైంది, అన్నకు అది తెలియదనీ అర్థమైంది. ఆమె అమ్మను వదిలేసి వెళ్లే మనిషి కాదని కూడా తెలిసింది.

ఉపన్యాసాన్ని పట్టుకోవడానికి మూడు రంగుల పరీక్ష చేయండి. అడిగే వాక్యాలకు ఒక రంగు, చేయించే వాక్యాలకు ఒకటి, వివరించే వాక్యాలకు ఒకటి. వివరణ రంగు ఒక పేజీలో మూడో వంతు దాటితే ఆ పేజీ మళ్లీ రాయాలి. "స్వేచ్ఛ", "హక్కులు", "పితృస్వామ్యం", "సమాజం" అనే మాటలు ఎన్నిసార్లు వచ్చాయో కూడా లెక్కపెట్టండి. పూర్తిగా నిషేధించమని కాదు, అలా మాట్లాడే పాత్ర ఉంటే ఉండనివ్వండి. నలుగురు అలా మాట్లాడుతుంటే మాత్రం ఆ గొంతు మీదే.

ఇంకో తేలిక పరీక్ష బెక్‌డెల్ పేరుతో ఉంది, 1985 నాటి ఒక కామిక్ స్ట్రిప్‌లోంచి వచ్చింది: కనీసం ఇద్దరు స్త్రీలు, మగవాడి గురించి కాక వేరే దేని గురించైనా మాట్లాడుకుంటున్నారా? ఇది కనీసపు మెట్టు మాత్రమే. స్త్రీల మీద రాసిన నాటకాలు కూడా ఒక్కోసారి ఇక్కడే తప్పుతాయి, చూసుకోండి.

దశ 7. కూర్చుని చదవడం

మొదటి చదివింపులో నటన వద్దు. బల్ల చుట్టూ కూర్చుని, మామూలు గొంతుతో, ఆపకుండా చదవాలి. రంగసూచనలు చదవడానికి వేరే మనిషిని పెట్టండి. రచయిత నోరు విప్పకూడదు. "అక్కడ నా ఉద్దేశం ఏంటంటే" అన్న మాట వచ్చిందంటే ఆ ఉద్దేశం రాతలో లేదని అర్థం.

వినేవాళ్లు కాగితం అంచున గుర్తులు పెట్టాలి: నిలువు గీత అంటే మనసు పక్కకు పోయింది, ప్రశ్న గుర్తు అంటే అర్థం కాలేదు, సున్నా అంటే నమ్మలేదు. ముగ్గురి కాగితాల్లో ఒకేచోట గీత పడితే ఆ సీను కోయండి. ఒక్కరికే పడితే తొందరపడకండి.

"నచ్చిందా?" అని అడగడం దండగ, నచ్చిందనే అంటారు. ఇవి అడగండి: ఆమె ఎప్పుడు నిర్ణయం తీసుకుంది? అన్నకు ఏం కావాలి? రేపు ఉదయం ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? మొదటిదానికి ఒక్కొక్కరు ఒక్కో చోటు చెబితే నిర్ణయం నాటకంలో లేదు, మీ తలలోనే ఉంది.

చదవడానికి పట్టిన సమయం రాసుకోండి. కదలికలకు, మౌనాలకు దానిమీద నాలుగో వంతు కలపండి. 75 నిమిషాల నాటకం కావాలంటే చదివింపు 60 దాటకూడదు.

దశ 8. తిరగరాత

ఒక్కో రాతకు ఒక్కటే పని పెట్టుకోండి. ఒకసారి అన్న వాదన బలపరచడం, ఒకసారి కోత, ఒకసారి ప్రతి పాత్రకూ సొంత మాటతీరు. అన్నీ ఒకేసారి దిద్దబోతే ఏదీ కుదరదు. ప్రతి రాత మీద అంకె, తేదీ వేయండి. రెండో రాత పట్టుకొచ్చే నటుడు ఒకరు ప్రతి రిహార్సల్‌లోనూ ఉంటారు.

దశ 9. ముగింపు

ఎక్కువ బృందాలు తడబడేది ఇక్కడే. మామూలుగా మూడు ఉచ్చులుంటాయి.

నాయిక ఆత్మహత్య: నిరసనగా రాసినా, వేదిక మీద ఆంక్షే గెలిచినట్టు కనిపిస్తుంది. పైగా చూసేవాళ్లలో ఆ అంచున ఉన్నవాళ్లు ఉండవచ్చు. కథకు మరణం తప్పనిసరైతే పద్ధతి చూపకండి, చెప్పకండి.

అన్న హఠాత్తుగా మారిపోవడం: చివరి ఐదు నిమిషాల్లో కన్నీళ్లతో క్షమాపణ. ఆయన మారాలంటే ఆ మార్పు మధ్య సీన్లలోనే మొదలవ్వాలి. ఉదాహరణకు, మాత్ర ఎలా విరవాలో మూడో సీనులోనే ఒకసారి అడిగి ఉండాలి.

ఖర్చు లేని గెలుపు: ఆమె వెళ్లిపోయింది, అందరూ సుఖంగా ఉన్నారు. అంత సులువైతే ఇన్నాళ్లూ ఎందుకు ఆగింది?

ఒత్తిడికి ముగింపు మార్చడం గురించి ఒక పాత సంగతి తెలిసి ఉండాలి. నార్వే నాటకకర్త ఇబ్సెన్ రాసిన "ఎ డాల్స్ హౌస్" 1879లో కోపెన్‌హాగెన్‌లో మొదట ఆడింది. చివర్లో నోరా భర్తనూ పిల్లలనూ వదిలి బయటికి నడుస్తుంది. జర్మనీలో ఆ పాత్ర వేయాల్సిన నటి, పిల్లల్ని వదిలివెళ్లే తల్లిగా తాను నటించనంది. ఇంకెవరో మార్చేలోపు తానే మారిస్తే నయమని ఇబ్సెన్ మరో ముగింపు రాసిచ్చాడు: నిద్రపోతున్న పిల్లల్ని చూసి నోరా ఆగిపోతుంది. ఆ ముగింపును ఆయనే అనాగరికమైన దౌర్జన్యమన్నాడు. ఈనాటికీ ఆడుతున్నది మొదటి ముగింపే. మీ ఒప్పందంలో "రచయిత రాతపూర్వక అనుమతి లేకుండా ముగింపు మార్చరాదు" అన్న వాక్యం ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

దశ 10. కొట్టడం, పట్టుకోవడం ఉన్న సీన్లు

చెంపదెబ్బ, చెయ్యి పట్టి లాగడం లాంటివి ఉంటే డాన్సు అడుగుల్లా అంకెలు లెక్కపెట్టి కట్టాలి. "ఆవేశంలో వస్తుందిలే" అనుకోవద్దు. నొప్పి నటించే మనిషే కదలికను నడపాలి: లాగినట్టు కనిపించాలి, నిజంగా కదిలేది ఆమె. ప్రతి ప్రదర్శనకు ముందు నెమ్మదిగా ఒకసారి, పూర్తి వేగంతో ఒకసారి చేయాలి. తేలిక మార్గం కావాలంటే దెబ్బను తెరవెనక్కి పంపండి. శబ్దం విని వేదిక మీదున్న తల్లి చేసే పని చూపిస్తే చాలాసార్లు అదే గట్టిగా తగులుతుంది.

దశ 11. ప్రేక్షకుల ముందు పరీక్ష

పూర్తి ప్రదర్శనకు ముందు 30 నుంచి 40 మంది ముందు స్క్రిప్టు చేత్తో పట్టుకుని చదవండి. స్నేహితులు సగానికి మించకూడదు. నోట్సు రాసే మనిషి ఒక పక్కగా కూర్చుని ప్రేక్షకులనే చూడాలి: ఎక్కడ నవ్వారు, ఎవరు నవ్వారు, ఎక్కడ కదిలారు, ఎక్కడ ఫోన్లు వెలిగాయి.

మధ్యలో ఒక డైలాగుకు చప్పట్లు పడితే సంబరపడకండి. జనం ముందే ఒప్పుకున్న మాటకే చప్పట్లు కొడతారు. ఆ డైలాగు తీసేసి తర్వాతి పరీక్షలో చూడండి, సీను బిగుసుకోవడం తరచూ కనిపిస్తుంది. నాయికకు పడ్డ దెబ్బకు నవ్వు వస్తే తప్పు ప్రేక్షకులదని తేల్చేయకండి. దానికి ముందున్న రెండు పేజీలు చూడండి, హాస్యం లయలో ఉండి ఉంటాయి.

బ్రెజిల్ దర్శకుడు ఆగస్టో బోల్ తయారుచేసిన ఫోరమ్ థియేటర్ పద్ధతి కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. ఒక సీను ఆడి, మళ్లీ మొదలుపెడతారు. అప్పుడు ప్రేక్షకుల్లో ఎవరైనా "ఆపండి" అని లేచి నాయిక స్థానంలోకి వచ్చి తమ దారి ప్రయత్నించవచ్చు. అన్న వేసే నటుడు ఊరికే లొంగకూడదు. ఒక్క సాయంత్రంలో మీకు తట్టని నాలుగైదు దారులు తెలుస్తాయి. "ఆమె అలా ఎందుకు చేయలేదు?" అన్న ప్రశ్న అందరి నుంచీ ఒకేలా వస్తే, దానికి జవాబు నాటకంలో పెట్టాలి. ఈ పద్ధతికి సీనును నడిపించే గట్టి మనిషి కావాలి, లేకపోతే చర్చ మీటింగైపోతుంది.

దశ 12. రిహార్సల్స్, స్క్రిప్టు ఆపడం

ప్రదర్శనకు 14 రోజుల ముందు స్క్రిప్టు ఆపేయండి. ఆ తర్వాత కోతలే, కొత్త వాక్యాలు వద్దు. డైలాగులన్నీ నోటికొచ్చిన నటుడికి కొత్త డైలాగు ఇస్తే పాతదీ కొత్తదీ కలిసి మూడోది వస్తుంది. ప్రదర్శన తర్వాత చర్చ పెట్టదలిస్తే 20 నిమిషాలకు మించకండి. రచయిత వేదికెక్కి నాటకం అర్థం చెప్పకూడదు. నటులు మాట్లాడవచ్చు, వాళ్లు కూడా పాత్రను సమర్థించకుండా ఉంటే మంచిది.

మొదటి మూడు ప్రదర్శనలకూ నోట్సు రాసే మనిషిని అదే పక్క కుర్చీలో కూర్చోబెట్టండి. మూడూ అయ్యాక నిడివి, నవ్వులు, కదలికలు ఉన్న ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఒకేచోట మూడుసార్లు జారిన సీన్లే దిద్దండి. ఆ ప్రతి మీద కొత్త అంకె వేసి, పాతవన్నీ నటుల దగ్గర్నుంచి వెనక్కి తీసుకోండి.